రిటైర్ అయ్యాక ఆర్‌వీలో అమెరికా: బండి కొనేముందు ఇద్దరూ స్టీరింగ్ పట్టండి

మీ ప్రశ్నలో వివరాలన్నీ ఇచ్చారు, మంచి పని చేశారు. మీకు 63, మీ శ్రీమతి గారికి 60. డాలస్ దగ్గర సొంత ఇల్లు. వచ్చే వేసవికి ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, 36 అడుగుల క్లాస్ ఏ మోటార్‌హోమ్ (ఇంటి వసతులతో బస్సులా ఉండే పెద్ద ఆర్‌వీ) కొని రెండు మూడేళ్లు దేశమంతా తిరగాలని ఆలోచన. అబ్బాయి సియాటిల్‌లో, అమ్మాయి న్యూజెర్సీలో. ఏ బండి కొనాలి, నెలకు ఎంతవుతుంది, మన వంట కుదురుతుందా, డాక్టర్ల సంగతేంటి, చలికాలం ఇండియా వెళ్తే బండిని ఏం చేయాలి అని అడిగారు. బండి నడిపేది ఎవరన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో. నేను ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను, మా వారు సివిల్ ఇంజనీరు. మాది 25 అడుగుల క్లాస్ సీ, అంటే ముందు భాగం వ్యానులా ఉండి, డ్రైవర్ తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన గది ఉంటుందే, ఆ రకం. ఇల్లు ఉంచుకున్నాం. ఏడాదిలో సగం రోడ్డు మీద ఉంటాం. ఇన్నేళ్లుగా క్యాంప్‌గ్రౌండ్లలో మా వయసు జంటల్ని వందల మందిని చూశాను కాబట్టి నా మాటల్లో సగం వాళ్ల అనుభవమే అనుకోండి.

నా లెక్క ఒకటే. మీలో ఏ ఒక్కరైనా, రెండోవాళ్ల సాయం లేకుండా, కరెంటు వైరు పీకి, నీళ్ల పైపు చుట్టి, బండి తీసి, హైవే ఎక్కించి, ఊళ్లో ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలగాలి. అలా తీసుకెళ్లలేనిది ఎంత అందమైన బండైనా రిటైరైన జంటకు పనికిరాదు. మగవాళ్లు నడపడం, ఆడవాళ్లు పక్కన కూర్చుని మ్యాప్ చూడడం అనే ఏర్పాటు మన తెలుగువాళ్లదే కాదు, అమెరికన్లలోనూ చాలామందిది అదే. అరవై దాటాక అది నిలవదు. ఒక వేసవి మొంటానాలో ఫోర్ట్ పెక్ సరస్సు పక్కన ఉన్నాం. తెల్లవారుజామున మా వారికి కిడ్నీలో రాయి కదిలింది. మనిషి నిలబడలేకపోతున్నాడు. అంబులెన్స్ పిలవచ్చు, కానీ పిలిస్తే బండి ఇక్కడ, మనిషి అక్కడ అవుతుంది. పావుగంటలో అన్నీ సర్ది, ఆయన్ని వెనక పరుపు మీద కాకుండా బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోబెట్టి, నేనే నడుపుకుంటూ దగ్గరి ఊరి ఆసుపత్రికి వెళ్లాను. ఆయన లోపల సెలైన్ మీద ఉంటే నేను పార్కింగ్ లాట్‌లో మా బండిలోనే చారు అన్నం వండుకున్నాను. అదే గుండె నొప్పి లాంటిదైతే మాత్రం నడపడం కాదు, 911 పిలవడమే. ఆ తేడా ముందే మాట్లాడుకుని ఉండాలి.

అందుకని 36 అడుగుల క్లాస్ ఏ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీ ఇద్దరికీ అది వద్దు. షోరూమ్‌లో అది గదిలా ఉంటుంది, సోఫా, పొయ్యి, పెద్ద టీవీ. రోడ్డు మీద మాత్రం అది బస్సు. వెనక చక్రాల తర్వాత ఇంకా పది అడుగులకు పైగా బండి ఉంటుంది. మీరు కుడివైపు తిప్పితే ఆ తోక ఎడమవైపు పక్క లేన్‌లోకి వెళ్తుంది. గ్యాస్ పంపు దగ్గర పసుపు స్తంభానికి రాసుకుపోయిన గీతలు చూస్తుంటారు కదా, అవి ఈ తోకవే. పైగా అంత పెద్ద బండితో ఊళ్లో పెరుగు కొనుక్కోవడానికి కూడా వెళ్లలేరు కాబట్టి వెనక ఒక కారు కట్టి లాగాలి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండేలా కారు కడితే బండిని వెనక్కి తీయకూడదు. తప్పు దారిలోకి వెళ్లారా, నడిరోడ్డు మీద కారు విప్పి, బండి తిప్పుకుని, మళ్లీ కట్టాలి. వానలో, చీకట్లో, మోకాళ్ల నొప్పులతో ఆ పని ఊహించుకోండి. ఇంకోటి, టెక్సస్‌లో బండి గరిష్ఠ బరువు 26,000 పౌండ్లు దాటితే మామూలు లైసెన్స్ చాలదు, క్లాస్ బి లైసెన్స్ తీసుకోవాలి. పెద్ద డీజిల్ బండ్లు చూస్తున్నట్టయితే ఇద్దరికీ ఆ పరీక్ష ఉంటుంది.

పెద్ద బండికి నేషనల్ పార్కుల్లో కూడా చోటు తక్కువ. అక్కడి క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు పాతకాలంలో చిన్న ట్రైలర్ల కోసం కట్టినవి. 30 అడుగులు దాటాక దొరికే సైట్లు బాగా తగ్గిపోతాయి. గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు ఉంది, ఆ పార్కుకు వెళ్లేదే దానికోసం. అందులో అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు. మా 25 అడుగులదీ పనికిరాదు; బయట పెట్టి షటిల్‌లో వెళ్లాం.

మీకు నేను చెప్పేది 24 నుంచి 26 అడుగుల క్లాస్ సీ, మూడు నాలుగేళ్ల పాతది. ఇంకా చిన్నది కావాలంటే క్లాస్ బి వ్యాన్లు ఉన్నాయి. స్ప్రింటర్, ట్రాన్సిట్, ప్రోమాస్టర్ వ్యాన్ల మీద కట్టేవి. నడపడం తేలిక, గ్యాలన్‌కు పదిహేను మైళ్లకు పైనే ఇస్తాయి, పార్కింగ్ లాట్‌లో మామూలు కారు చోట్లో దాదాపు పట్టేస్తాయి. కానీ ఇద్దరు మనుషులు నెలల తరబడి అందులో ఉంటే ఒకరు లేవాలంటే రెండోవాళ్లు కూర్చోవాలి. ధర కూడా తక్కువేం కాదు, తరచు క్లాస్ సీ కంటే ఎక్కువే. రెండు వారాల ట్రిప్పులకైతే భలే బాగుంటుంది. మీరనుకుంటున్న ప్రయాణానికి చాలదు.

కొత్తది ఎందుకు వద్దంటున్నానంటే రెండు కారణాలు. షోరూమ్ దాటగానే ధర పడిపోతుంది, మొదటి ఏడాదిలోనే ఐదో వంతు పోవడం మామూలు. రెండోది, కొత్త బండ్లలో చిన్న చిన్న లోపాలు ఎక్కువ. 2021లో ఈ దేశంలో ఆరు లక్షల ఆర్‌వీలు తయారుచేసి పంపారు, అంతకు ముందెన్నడూ లేనంత. వాటిలో ఎక్కువ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలవే. ఆ హడావుడిలో కట్టిన బండ్లలో సరిగ్గా బిగించని తలుపులు, కారే పైపులు బాగానే బయటపడ్డాయి. మూడేళ్లు ఎవరో వాడిన బండి అయితే ఆ రిపేర్లన్నీ వాళ్లు చేయించుకుని ఉంటారు. ఏ సంవత్సరానిదైనా సర్టిఫికేట్ ఉన్న ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌కు డబ్బిచ్చి చూపించకుండా కొనకండి. అతను ముఖ్యంగా చూడాల్సింది నీళ్లు. పైకప్పు అంచుల్లోంచి చెమ్మ దిగితే లోపలి చెక్క పుచ్చిపోతుంది, పైకి ఏమీ కనబడదు. టైర్లు మీరే చూడొచ్చు. టైరు పక్కన DOT అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. ఆర్‌వీ టైరు అరిగి పోదు, ఎండకు ఎండి పగులుతుంది. గీతలు కొత్తగా ఉన్నా ఆరేడేళ్లు దాటితే మార్చేయాలి.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు సేల్స్ మనిషిని బయట ఉండమని, ఇద్దరూ లోపల గంట సేపు ఉండండి. మంచం మీద ఇద్దరూ పడుకుని చూడండి. చాలా క్లాస్ సీ బండ్లలో మంచం మూలకు ఉంటుంది, లోపలివైపు పడుకున్నవాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే రెండోవాళ్లను దాటుకుని రావాలి. మన వయసులో రాత్రి ఎన్నిసార్లు లేస్తామో చెప్పక్కర్లేదు. విడివిడిగా రెండు చిన్న మంచాలున్న మోడళ్లు తీసుకుంటే ఆ గొడవే ఉండదు. బాత్రూమ్ తలుపు వేసుకుని కూర్చోండి, మోకాళ్లు తగులుతున్నాయేమో చూడండి. తర్వాత గోడలు బయటకు జరిగే స్లయిడ్‌ను పూర్తిగా లోపలికి మూయించండి. అలా మూసి ఉన్నప్పుడు కూడా బాత్రూమ్‌కు, ఫ్రిజ్‌కు దారి ఉండాలి. హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు ప్రతిసారీ గోడ తెరవలేం. ఈ ఒక్కటి చాలామంది చూడరు. మెట్లు కూడా. ఎక్కే మెట్టు ఎంత ఎత్తు, పట్టుకోవడానికి కడ్డీ ఉందా లేదా.

కొనేముందు మాత్రం అద్దెకు తీసుకోండి. క్రూజ్ అమెరికా వాళ్ల దగ్గర 25 అడుగులవి దొరుకుతాయి. వారం రోజులకు లేక్ టెక్సోమా చాలు, మీకు దగ్గర. ఎక్కడికీ పరుగెత్తకుండా అక్కడే ఉండి వంట, స్నానం, ట్యాంకులు ఖాళీ చేయడం, అన్నీ ఇద్దరూ చేయండి. వెళ్లేముందు ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉన్న స్కూల్ పార్కింగ్‌లో నాలుగు కోన్‌లు పెట్టుకుని రివర్స్ ప్రాక్టీస్ చేయండి, ముందు మీ శ్రీమతి గారు. మీరు పక్క సీట్లో కాకుండా బండి వెనక నిలబడండి. పక్కన కూర్చుని ‘బ్రేక్, బ్రేక్’ అని అరిచే భర్త ఉంటే ఎవరికీ రాదు. భర్త నేర్పితే గొడవే అనుకుంటే ఆర్‌వీ డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, రెండు రోజులకు డబ్బిస్తే బండితో సహా తిప్పి నేర్పుతారు. ఈ మొత్తం ఖర్చులో దీనంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదంటాను. వెనక్కి తీసేటప్పుడు కేకలు కాకుండా ఫోన్‌లో మాట్లాడుకోండి. డ్రైవర్‌కు అద్దంలో మీరు కనబడకపోతే బండి ఆగిపోవాలి, అది నియమం. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం అందరూ కుర్చీలు వేసుకుని చూసే వినోదం ఇదే, కొత్త జంట బండి పెట్టుకుంటూ తిట్టుకోవడం.

ఇల్లు అమ్మడం గురించి. మొదటి ఏడాది అమ్మకండి. అద్దెకివ్వండి, లేదా తాళం వేసుకుని వెళ్లండి. సొంత ఇంటిని అమ్మినప్పుడు చివరి ఐదేళ్లలో రెండేళ్లు అందులో ఉండి ఉంటే, దంపతులకు 5 లక్షల డాలర్ల లాభం వరకు ఫెడరల్ పన్ను మినహాయింపు ఉంటుంది. అంటే ఖాళీ చేశాక దాదాపు మూడేళ్ల వరకు ఆ అవకాశం మీ చేతిలోనే ఉంటుంది. అద్దెకిచ్చిన కాలానికి డిప్రిసియేషన్ లెక్క వేరే, అది మీ పన్ను లెక్కలు చూసే సీపీఏను అడగండి. పైగా టెక్సస్‌లో 65 నిండాక హోమ్‌స్టెడ్ (సొంత నివాసంగా నమోదైన ఇల్లు) మీద స్కూల్ పన్ను పెరగకుండా ఆగిపోతుంది. మీకు ఇంకో రెండేళ్లలో అది వస్తుంది. తాత్కాలికంగా రెండేళ్లలోపు బయట ఉండి, తిరిగి వచ్చే ఉద్దేశం ఉండి, ఇంకోచోట సొంత నివాసం పెట్టుకోకపోతే హోమ్‌స్టెడ్ పోదు. ఏడాది తిరిగాక ఇద్దరికీ ఇదే బాగుందనిపిస్తే అప్పుడు అమ్మొచ్చు. ఇల్లు అమ్మి పెద్ద బండి కొన్నాక ఒకరికి నచ్చలేదనుకోండి, ఆ మాట ఆ ఒకరు బయటకు చెప్పలేరు. ఎక్కువగా చెప్పలేకపోయేది ఆడవాళ్లే, అది నేను చూసిందే.

ఒకవేళ చివరికి అమ్మినా మీకు టెక్సస్ అడ్రస్ ఉండటం అదృష్టం. పూర్తిగా రోడ్డు మీదే ఉండేవాళ్లు ఎక్కువగా టెక్సస్, సౌత్ డకోటా, ఫ్లోరిడా అడ్రస్‌లు పెట్టుకుంటారు, వీటిలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే ఆర్‌వీ క్లబ్బు 1978 నుంచి ఉంది. ఉత్తరాలు మీరున్న చోటుకు పంపిస్తారు. అక్కడే, వయసు మీదపడి లేదా జబ్బు చేసి ఇక తిరగలేనివాళ్లు తమ ఆర్‌వీలోనే ఉంటూ భోజనం, సాయం పొందే కేర్ సెంటర్ కూడా నడుపుతున్నారు. ఒకసారి వెళ్లి చూసి రండి. తిరగడం ఆపేశాక ఎక్కడుండాలి అన్న మాట ఇప్పుడే మాట్లాడుకుంటే తర్వాత పిల్లలకు టెన్షన్ ఉండదు.

డాక్టర్ల సంగతి నాకు బాగా తెలిసిన విషయం, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను. మీకు 65 వచ్చేదాకా అసలు చిక్కు ఇదే. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో కొనే ప్లాన్లు మీరుండే కౌంటీకి ముడిపడి ఉంటాయి. హెచ్ఎంఓ, ఈపీఓ రకాలు బయటి రాష్ట్రంలో ఎమర్జెన్సీకి తప్ప ఇవ్వవు. ఎమర్జెన్సీ కాని ఎమర్జెన్సీలే మనకు ఎక్కువ. పన్ను నొప్పి, షుగర్ పెరగడం, మందు అయిపోవడం. ఉద్యోగం మానేశాక కోబ్రా అనే చట్టం కింద కంపెనీ ఇన్సూరెన్స్ 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. ఖరీదే, కానీ కంపెనీ ప్లాన్‌కు దేశమంతా నెట్‌వర్క్ ఉన్నట్టయితే ఆ ఖరీదు పెట్టాలి. అందుకే నేనైతే వచ్చే వేసవికే కాకుండా 63న్నర దాటేదాకా ఆగి మానేయమంటాను. 18 నెలలు కలిస్తే సరిగ్గా 65కు వచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌కు అందుతారు. మీ శ్రీమతి గారికి ఇంకా 60 కాబట్టి ఆవిడకు మధ్యలో కొన్నేళ్లు వేరే ప్లాన్ కావాలి. ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాకే బండి ధర గురించి మాట్లాడుకోండి.

65 వచ్చినప్పుడు తిరిగేవాళ్లు తీసుకోవాల్సింది ఒరిజినల్ మెడికేర్, దానికి తోడు మెడిగ్యాప్ (మెడికేర్ కట్టని భాగానికి తీసుకునే ప్రైవేటు పాలసీ), మందులకు పార్ట్ డి. ఒరిజినల్ మెడికేర్‌ను దేశంలో ఏ రాష్ట్రంలో ఏ డాక్టర్ తీసుకుంటే అక్కడ చూపించుకోవచ్చు. ఒరిజినల్ మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీలు అమ్మే, టీవీలో ప్రకటనలిచ్చే అడ్వాంటేజ్ ప్లాన్లు చవగ్గా కనబడతాయి, కానీ వాటి నెట్‌వర్క్ ఎక్కువగా మీ ఇంటి చుట్టుపక్కలే. మెడిగ్యాప్‌కు ఒక గడువుంది. 65 నిండి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ ఖర్చుల భాగం) మొదలైన నెల నుంచి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మీకు బీపీ, షుగర్, స్టెంట్ ఏమున్నా కంపెనీ కాదనడానికి లేదు. ఆ తర్వాత టెక్సస్ సహా చాలా రాష్ట్రాల్లో కాదనొచ్చు, లేదా ఎక్కువ అడగొచ్చు. ఇప్పుడు అడ్వాంటేజ్, తర్వాత తిరగడం మొదలెట్టినప్పుడు మెడిగ్యాప్ అనుకుంటే ఆ తలుపు మూసుకుపోవచ్చు.

మందులన్నీ దేశమంతా శాఖలున్న ఒకే ఫార్మసీ చైన్‌లో పెట్టుకోండి. 90 రోజుల సరఫరా రాయించుకోండి. ఇద్దరి మందుల పట్టిక, డోసులు, అలర్జీలు, పాత ఈసీజీ కాపీ ఒక కవర్లో పెట్టి తలుపు పక్కన తగిలించండి. ఇన్సులిన్ వాడితే బండి ఫ్రిజ్‌ను నమ్ముకోకుండా లోపల చిన్న థర్మామీటర్ పెట్టండి. గ్యాస్‌తో పనిచేసే పాతరకం ఫ్రిజ్‌లు బండి వాలుగా ఉంటే సరిగ్గా చల్లబరచవు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంటే కొలరాడో ఎత్తుల గురించి డాక్టర్ని అడిగి వెళ్లండి. రాకీ మౌంటెన్ పార్కులో ట్రైల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. డెన్వర్‌లో రెండు రాత్రులు ఆగి అలవాటుపడి ఎక్కడం మంచిది.

ఇక వంట. ఇది మీరు చివర్లో ఒక వాక్యంలో అడిగారు, మీ శ్రీమతి గారు అడిగి ఉంటే మొదటి ప్రశ్న ఇదే అయ్యుండేది. కుదురుతుంది, బ్రహ్మాండంగా కుదురుతుంది. కాకపోతే కరెంటు లెక్క తెలియాలి. క్లాస్ సీ బండ్లు చాలావరకు 30 ఆంప్స్ మీద నడుస్తాయి. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా తీసుకుంటుంది, ఇండక్షన్ పొయ్యి ఫుల్లుగా పెడితే 1,800, వేడినీళ్ల హీటర్ కరెంటు మీద ఉంటే ఇంకో 1,400. మూడూ కలిశాయంటే బ్రేకర్ పడిపోతుంది. ఏసీ ఆపి కుక్కర్ పెట్టాలి, కుక్కర్ దింపాక ఏసీ వేయాలి. లేదా ప్రొపేన్ పొయ్యి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ పనిచేయదని మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడి 110 వోల్టుల ఇండియన్ మిక్సీ చిన్నది ఒకటి చాలు. గ్రైండర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. బరువు.

తిరగమోత బయట. ఇది మా ఇంటి చట్టం. లోపల ఎండుమిర్చి, ఇంగువ వేస్తే స్మోక్ అలారం కూయడం ఒక్కటే కాదు, ఆ వాసన పరదాలకు, పరుపులకు పట్టి వారం దాకా పోదు. బండి పక్కన క్యాంప్‌గ్రౌండ్ వాళ్ల కరెంటు డబ్బా ఉంటుంది, దాన్నుంచి కనెక్షన్ తీసుకుని బల్ల మీద ఇండక్షన్ పొయ్యి పెట్టుకుని అక్కడే వేపుళ్లు, పోపులు. పక్క సైటు వాళ్లు వాసనకు వచ్చి ఏం వండుతున్నారని అడుగుతారు, అలా మాకు స్నేహాలు చాలా అయ్యాయి. ఎలుగుబంట్లు తిరిగే చోట మాత్రం బయట వంట సామాను ఒక్క గిన్నె కూడా వదలకూడదు. ఎలోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గరి ఆర్‌వీ పార్కులో గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు, బట్ట గుడారాలు కుదరవు. అక్కడి సరస్సు 7,700 అడుగుల పైన ఉంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి.

బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు వెళ్లేది గ్రే ట్యాంక్‌లోకి. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంక్. మన వంటకు గ్రే ట్యాంక్ ముందు నిండుతుంది. నూనె గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచి తర్వాత కడిగితే ట్యాంక్ వాసన రాదు. సీవర్ కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచి ఉంచకండి. నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మూడు వంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదిలితే ఆ సబ్బు నీళ్లతో పైపు శుభ్రమవుతుంది. చేతికి గ్లవ్స్. ఈ పని ఇద్దరికీ రావాలి, మీ శ్రీమతి గారు వంట, మీరు ట్యాంకులు అని పంచుకున్నా సరే.

సరుకుల విషయంలో హ్యూస్టన్, ఫీనిక్స్, చికాగో లాంటి చోట్ల ఏ ఇబ్బందీ లేదు. డకోటాలు, మొంటానా, వయోమింగ్ వైపు వెళ్తే కరివేపాకు దొరకదనే అనుకోండి. ఎండబెట్టి పట్టుకెళ్లండి. బస్తాలు బస్తాలు మాత్రం వద్దు. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఈ బండి ఎంత సామాను మోయగలదో రాసి ఉంటుంది. క్లాస్ సీ బండ్లలో అది ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత తక్కువ. గ్యాలన్ నీళ్లే ఎనిమిది పౌండ్ల పైన, 40 గ్యాలన్ల ట్యాంక్ నింపితే 330 పౌండ్లు అక్కడే పోయింది. అన్నీ సర్దాక ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూయించండి.

నెలకెంత అంటే, ఎంత కదులుతారన్నదే లెక్క. ప్రైవేటు పార్కులు రాత్రికి 50 నుంచి 80 డాలర్లు, స్టేట్ పార్కులు అందులో సగం దగ్గర. మీకు 62 దాటింది కాబట్టి సీనియర్ పాస్ వెంటనే తీసుకోండి. 80 డాలర్లు, జీవితాంతం. గ్రీన్ కార్డ్ ఉన్నా ఇస్తారు. నేషనల్ పార్కుల్లో ప్రవేశం ఉచితం, మీ బండిలో ఉన్నవాళ్లందరికీ వర్తిస్తుంది. దానికంటే పెద్ద లాభం, ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల సగం ధర. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్లవి డ్యాముల పక్కన ఉంటాయి, నీళ్లు, కరెంటు, నీడ అన్నీ ఉంటాయి. టెక్సోమా దగ్గర కూడా వాళ్లవి ఉన్నాయి. నా దృష్టిలో ఈ దేశంలో రిటైరైనవాళ్లకు దొరికే అత్యంత చౌకైన సుఖం ఇదే. మంచివి ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ అయిపోతాయి, ఉద్యోగాలు లేవు కదా, మీరు సోమవారం నుంచి గురువారం వరకు వెళ్లండి.

గ్యాస్: క్లాస్ సీ గ్యాలన్‌కు తొమ్మిది మైళ్లు ఇస్తుందనుకోండి. నెలకు వెయ్యి మైళ్లంటే 110 గ్యాలన్లు. అన్నీ కలిపి, ఇన్సూరెన్స్, రిపేర్ల కోసం పక్కన పెట్టేదీ చేర్చి, ఆరోగ్య బీమా కాకుండా ఇద్దరికీ నెలకు నాలుగు వేల డాలర్లు అనుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఒకే చోట నెలంతా ఉంటే అద్దె బాగా తగ్గుతుంది. రోజుకు 300 మైళ్లు మించకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా ఆగి, ఆగిన చోట మూడు రాత్రులుండాలని ఇక్కడివాళ్లు ఒక నియమం చెప్తారు. మా వయసుకు 300 కూడా ఎక్కువే. 200 దాటితే సాయంత్రం ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండదు.

పిల్లల దగ్గరికి వెళ్లేటప్పుడు, వాళ్ల ఇంటి ముందు బండి పెట్టుకోవచ్చు అనుకోకండి. చాలా కాలనీల్లో హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒకటి రెండు రాత్రుల కంటే ఒప్పుకోదు. దగ్గర క్యాంప్‌గ్రౌండ్ చూసుకుని, పగలు వాళ్లింటికి, రాత్రి మన బండికి. ఇది అల్లుడికీ కోడలికీ కూడా హాయి. న్యూజెర్సీ వెళ్లే దారిలో బాల్టిమోర్ ఉంది. అక్కడి రెండు సొరంగాల్లోకి వంట ప్రొపేన్ ట్యాంకులున్న ఆర్‌వీలను రానివ్వరు. మునుపు కీ బ్రిడ్జి మీదుగా పోయేవాళ్లం, అది 2024 మార్చిలో ఓడ తగిలి కూలిపోయింది. ఇప్పుడు 695 హైవే మీద పడమటి వైపు చుట్టి పోవాలి. న్యూయార్క్‌లో పార్క్‌వే అని పేరున్న రోడ్డు ఎక్కకండి, వంతెనలు తక్కువ ఎత్తు. ఫోన్‌లో మామూలు మ్యాప్ ఇవేవీ చెప్పదు. బండి ఎత్తు, పొడవు ఎక్కించుకునే ఆర్‌వీ జీపీఎస్ కొనండి, ఎత్తు ఎంతో స్టీరింగ్ పక్కన చీటీ అంటించండి. పెన్ హిల్స్‌లో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి కూడా వెళ్దామనుకుంటే, అది కొండ మీద ఉంది, బండి కింద ఎక్కడైనా పెట్టి ఊబర్‌లో వెళ్లండి. పులిహోర ప్రసాదం కోసమైనా వెళ్లాల్సిందే.

కొండ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకూడదు. ఎక్కిన గేర్ కంటే కింది గేర్‌లో దిగండి. బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వచ్చిందంటే ఆగి చల్లారనివ్వడమే. వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద గాలి హెచ్చరిక ఉన్న రోజు బండి తీయకండి. ఆ రోజు అక్కడే ఉండి పప్పుచారు పెట్టుకోండి. రిటైరైనవాళ్లకు ఎక్కడికీ చేరాల్సిన టైం లేదు.

ఇండియా సంగతి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వెళ్తారనుకుంటాను. డాలస్ దగ్గర స్టోరేజ్ లాట్లు ఉన్నాయి, పైకప్పు ఉన్నది తీసుకోండి, ఎండావాన తగలకపోతే పైకప్పు సీలు ఎక్కువ కాలం నిలుస్తుంది. టెక్సస్‌లోనూ గడ్డకట్టే రాత్రులు వస్తాయి, 2021 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి పైపుల్లో నీళ్లు తీయించి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోయించండి. కార్లో పోసే పచ్చది కాదు, అది విషం. ట్యాంకులు ఖాళీ, ఫ్రిజ్ తలుపు తెరిచి, బ్యాటరీ వైరు విప్పి, తినేది ఒక్క గింజ లేకుండా పెట్టండి. ఒక్క మినప్పప్పు ప్యాకెట్ మర్చిపోతే ఎలుకలు పరుపు దాకా వస్తాయి. ఇన్సూరెన్స్‌ను స్టోరేజ్ రేటుకు మార్చుకోవచ్చు, తిరిగొచ్చి బండి రోడ్డెక్కించేముందు ఫోన్ చేసి మళ్లీ పూర్తిగా పెట్టించుకోవాలి. కెనడా వైపు వెళ్లాలనుకుంటే, మీలో ఎవరికైనా ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, దాంతో పాటు గ్రీన్ కార్డ్ చేతిలో ఉండాలి, వీసా అక్కర్లేదు. మెడికేర్ మాత్రం సరిహద్దు దాటితే మామూలుగా పనిచేయదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనండి.

అక్టోబర్‌లో టెక్సోమాలో వాతావరణం బాగుంటుంది, అద్దె బండ్లూ కొంచెం చౌక. ఆ వారం అయ్యాక ఇద్దరూ ఏమనుకున్నారో రాయండి, మంచాల అమరిక, బడ్జెట్ చెప్తే ఏ సంవత్సరపు ఏ మోడళ్లు చూడాలో అప్పుడు చెప్తాను. మీ శ్రీమతి గారు రివర్స్ గురించి, ట్యాంకుల గురించి ఏమడగాలన్నా నేరుగా నన్నే అడగమనండి.